పక్షులున్నాయి.. పద్దే లేదు!

విదేశాల్లో పెంపకందారుల దగ్గర ఒకప్పుడు కళకళలాడిన అరుదైన ఫించ్ పక్షులు ఇప్పుడు వెతికినా దొరకడం కష్టమవుతోంది. అడవి నుంచి సరఫరా ఆగిపోవడం, కష్టమైన జాతుల పెంపకాన్ని ఎక్కువమంది నేర్చుకోకపోవడం, ఏ పక్షి ఎవరి పిల్లో రాసిపెట్టకపోవడం.. ఈ మూడూ కలిసి తెచ్చిన కొరత ఇది. డేటా, బయాలజీ, పశువైద్యం, చట్టం.. మీరు ఏ దారిలో ఉద్యోగం వెతుకుతున్నా ఈ కథలో మీకు పనికొచ్చేది ఉంది.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఓ పెద్ద పంజరంలో పది పక్షులున్నాయి. తొమ్మిది ఆడవి, ఒకటి మగది. అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి, గుడ్లూ పెడుతున్నాయి. జన్యుశాస్త్రం లెక్క ప్రకారం అక్కడ ఎన్ని పక్షులున్నట్టు?

పది అనేశారా? జవాబు 3.6!

సూత్రం సులువే. మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని 4తో గుణించి, మొత్తం పక్షుల సంఖ్యతో భాగించాలి. 4×1×9 = 36. దాన్ని 10తో భాగిస్తే 3.6. అదే ఐదు మగవి, ఐదు ఆడవి ఉంటే జవాబు సరిగ్గా 10 వస్తుంది. మొదటి పంజరంలో పుట్టే పిల్లలన్నిటికీ తండ్రి ఒక్కడే కదా! అంటే తర్వాతి తరం మొత్తం ఒకే తండ్రి బిడ్డలు. పైకి పది కనిపిస్తున్నా, వంశం నిలబెట్టే శక్తి నాలుగు పక్షులకున్నంత కూడా లేదు. దీన్నే 'ప్రభావక జనాభా' అంటారు.

అరుదైన ఫించ్‌లు పంజరాల నుంచి మాయమవడం వెనకున్న అసలు విషయం ఈ తేడాలోనే ఉంది. కంటికి కనిపించే సంఖ్య వేరు, లెక్కకు నిలిచే సంఖ్య వేరు.

ఇంతకీ ఏమిటీ ఫించ్‌లు?

పెంపుడు పక్షుల దుకాణంలో ఎర్రటి ముక్కు, బుగ్గ మీద నారింజ మచ్చతో కిచకిచలాడే చిన్న పక్షుల్ని చూసే ఉంటారు. అవి జీబ్రా ఫించ్‌లు. పిచ్చుక కంటే చిన్నవి. పుట్టిల్లు ఆస్ట్రేలియా. శాస్త్రవేత్తలు వీటిని ఎస్ట్రిల్డిడ్ ఫించ్‌ల కుటుంబంలో చేర్చారు. ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియాల్లో కలిపి ఈ కుటుంబంలో సుమారు 140 జాతులున్నాయి. మన పొలాల గట్ల మీద గడ్డి గింజలు తినే మునియాలు కూడా ఈ కుటుంబానివే. పాత తెలుగు పేరు జినువాయి.

జీబ్రా ఫించ్, బెంగలీస్, జావా స్పారో.. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి ఇలాంటి నాలుగైదు రకాలే. 'ఇన్ని అమ్ముతున్నారు కదా, కొరత ఎక్కడుంది?' అనిపించడం సహజం. కానీ మిగతా జాతుల సంగతి వేరు. యూరప్, అమెరికాల్లో ఒకప్పుడు చవగ్గా దొరికిన ఆఫ్రికా వ్యాక్స్‌బిల్‌లు, ట్విన్‌స్పాట్‌లు, పర్పుల్ గ్రెనడియర్ లాంటివి ఇప్పుడు కొద్దిమంది చేతుల్లోనే మిగిలాయి. ఆ కొద్దిమందిలో ఒకరు వయసు మీదపడి పెంపకం మానేస్తే, ఆ జాతిలో పెద్ద భాగం చెల్లాచెదురైపోతుంది.

తలుపులు మూసుకున్న ఏళ్లు

అడవి పక్షుల వ్యాపారానికి ఒక్కో దేశం ఒక్కో సమయంలో అడ్డుకట్ట వేసింది. ఈ ఏళ్లు గుర్తుపెట్టుకోండి. కథ మలుపు ఇక్కడే ఉంది.

- 1960: తమ దేశపు పక్షుల్ని వ్యాపారం కోసం బయటికి పంపడాన్ని ఆస్ట్రేలియా నిషేధించింది.
- 1990-91: మన దేశంలో స్వదేశీ అడవి పక్షుల వ్యాపారానికి, ఎగుమతికి తెరపడింది.
- 1992: అమెరికా 'వైల్డ్ బర్డ్ కన్జర్వేషన్ యాక్ట్' తెచ్చి, అంతర్జాతీయ ఒప్పందం 'సైటిస్' జాబితాల్లోని పక్షుల దిగుమతిని కట్టడి చేసింది.
- 2005: బర్డ్ ఫ్లూ భయంతో ఐరోపా సమాఖ్య అడవి పక్షుల దిగుమతిని తాత్కాలికంగా ఆపింది. 2007 జులై నుంచి దాన్ని శాశ్వతం చేసింది.

ఈ నిషేధాలు మంచివే. వలల్లో పడిన చిన్న పక్షులు ఇరుకు పెట్టెల్లో, సుదీర్ఘ ప్రయాణాల్లో పెద్ద సంఖ్యలో చనిపోయేవి. కాబట్టి తప్పు నిషేధాలది కాదు. మరి ఎవరిది?

గూల్డియన్ ఫించ్‌ను చూడండి. ఆకుపచ్చ వీపు, ఊదా రంగు ఛాతీ, పసుపు పొట్టతో ఎవరో రంగులద్దినట్టు ఉంటుంది. బ్రిటిష్ పక్షి శాస్త్రవేత్త జాన్ గూల్డ్ 1844లో తన దివంగత భార్య ఎలిజబెత్ జ్ఞాపకార్థం దీనికి పేరుపెట్టారు. ఆస్ట్రేలియా చట్టం కింద ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. 1960 నుంచే దీనికి తలుపులు మూసుకున్నాయి. అయినా ఈరోజు ప్రపంచమంతటా పెంపకందారుల దగ్గర పుష్కలంగా ఉంది.

సెనెగల్, టాంజానియా లాంటి దేశాల నుంచి వచ్చే ఆఫ్రికా ఫించ్‌లకైతే ఐరోపా తలుపులు 2005 దాకా తెరిచే ఉన్నాయి. అంటే వాటికి 45 ఏళ్లు అదనంగా దొరికాయి. ఇప్పుడు కొరత వచ్చింది మాత్రం వాటికే!

తిరకాసుగా ఉందా? కారణం మార్కెట్‌లో ఉంది. 1960 తర్వాత గూల్డియన్ కావాలంటే పిల్లల్ని తీయడం తప్ప మరో దారి లేదు. అందుకే జనం నేర్చుకున్నారు. ఏం తినిపించాలి, గూటి పెట్టె ఎలా ఉండాలి, వెచ్చదనం ఎంత.. అనుభవం పోగైంది. ఆఫ్రికా పక్షులు మాత్రం ఏటా చవగ్గా దిగేవి. నెలల తరబడి కష్టపడి పిల్లల్ని తీసేవాడు ఆ ధరతో పోటీపడలేడు. అందుకే ఆ పనిని శ్రద్ధగా నేర్చుకున్నవాళ్లు తక్కువ. తీరా సరఫరా ఆగేసరికి చేతిలో పక్షులున్నా, వాటితో పిల్లల్ని తీయించే పనితనం లేదు. చవగ్గా దొరికినన్నాళ్లు ఎవరూ నేర్చుకోని పని, దొరకడం మానేశాక ఒక్కరోజులో రాదు.

ఒకటి పోతే రెండోదీ పోతుంది

పనితనం అంటే ఇందులో ఏముంది, కొర్రలు పోసి నీళ్లు పెడితే సరిపోదా? పెద్ద పక్షికి చాలావరకు సరిపోతుంది. పిల్లలు పుట్టాకే అసలు కష్టం. చాలా ఆఫ్రికా వ్యాక్స్‌బిల్‌లు తమ పిల్లల్ని పురుగులతోనే పెంచుతాయి. చెదలు, చీమల గుడ్లు, చిన్న లార్వాలు తాజాగా, రోజంతా అందుతూ ఉండాలి. అందకపోతే తల్లిదండ్రులు పిల్లల్ని గూట్లోంచి బయటికి తోసేయడమూ మామూలే. ఉద్యోగం చేసుకుంటూ రోజూ చెదలు సమకూర్చడం ఎంతమంది వల్ల అవుతుంది?

ఇంకో చిక్కుంది. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ నడవాలంటే మరో ప్యాకేజీ ఉండాలి. అది తీసేస్తే ఇదీ ఆగిపోతుంది. పక్షుల్లోనూ అలాంటి డిపెండెన్సీ ఉంది.

మన కోకిల కాకి గూట్లో గుడ్డు పెడుతుంది కదా, ఆఫ్రికాలో వైడా అనే పక్షులూ అంతే. కాకపోతే ఏ గూట్లో పడితే ఆ గూట్లో పెట్టవు. పారడైజ్ వైడాకు మెల్బా ఫించ్ గూడు, షాఫ్ట్-టెయిల్డ్ వైడాకు వయొలెట్-ఇయర్డ్ వ్యాక్స్‌బిల్ గూడు, స్ట్రా-టెయిల్డ్ వైడాకు పర్పుల్ గ్రెనడియర్ గూడు కావాలి. ఎందుకంటే ఈ ఫించ్ పిల్లల నోటి లోపల జాతికో రకం చుక్కలు, రంగులు ఉంటాయి. నోరు తెరిచి అడిగినప్పుడు ఆ గుర్తులు సరిపోతేనే తల్లి బాగా తినిపిస్తుంది. వైడా పిల్లల నోళ్లలోనూ అచ్చం అవే గుర్తులుంటాయి. మగ వైడా తనను పెంచిన జాతి పాటనూ నేర్చుకుంటుంది.

ఇప్పుడు ఆలోచించండి. పెంపకందారుల దగ్గర మెల్బా ఫించ్ గుంపు బాగా పిల్లల్ని పెడుతుంటే తప్ప పారడైజ్ వైడా పిల్ల పుట్టదు. పొడవాటి తోకతో అందంగా ఉండే వైడాను కొనేవాళ్లు ఉంటారు. దాని వంశం ఆధారపడిన మెల్బా ఫించ్‌ను కష్టపడి పెంచేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

పెంపుడు తల్లి షార్ట్‌కట్

కొందరు దీనికో అడ్డదారి కనిపెట్టారు. బెంగలీస్ ఫించ్ గురించి ముందే చెప్పుకున్నాం. తెల్ల నడుము మునియా నుంచి జపాన్‌లో తరతరాలుగా పెంచి తయారుచేసిన పెంపుడు రకం ఇది. గూట్లో ఎవరి గుడ్డు పెట్టినా పొదిగి, పిల్లల్ని పెంచేంత సాధుజీవి. దాంతో ఖరీదైన ఫించ్‌ల గుడ్లను దీని కింద పెట్టి, అసలు తల్లితో మళ్లీ గుడ్లు పెట్టించడం అలవాటైంది. తక్కువ కాలంలో ఎక్కువ పిల్లలు!

కానీ పిల్ల పక్షి తనను పెంచినవాళ్లను చూసే 'నా జాతి ఇది' అని నేర్చుకుంటుంది. జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ ఇమ్మెల్‌మాన్ ప్రయోగాల్లో బెంగలీస్ పెంచిన మగ జీబ్రా ఫించ్‌లు పెద్దయ్యాక సొంత జాతి ఆడపక్షిని వదిలి బెంగలీస్ ఆడపక్షి వెంటపడ్డాయి. అంటే ఈ పద్ధతి సంఖ్యను పెంచినా, జతకట్టే తీరునే తారుమారు చేయగలదు. పైగా పిల్లల్ని తామే పెంచుకోగల జంటలేవో, పెంచలేనివేవో తెలియకుండానే తరాలు గడిచిపోతాయి. అత్యవసరంలో ఒకసారి వాడితే మందు, అదే పనిగా వాడితే జబ్బు.

మేనరికం లెక్క

ఇక పద్దు సంగతికి వద్దాం. దగ్గరి సంబంధం చేసుకుంటే పిల్లలకు ఇబ్బంది రావచ్చని డాక్టర్లు చెప్పడం మనందరం విన్నదే. ఆ 'దగ్గరితనాన్ని' కొలిచే అంకె ఒకటుంది. 1922లో స్యూవల్ రైట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని సూత్రబద్ధం చేశారు. బిడ్డకు తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు జన్యు ప్రతులూ ఒకే పూర్వీకుడివి అయ్యే సంభావ్యత ఎంత అనేదే ఆ అంకె.

- బావామరదళ్ల మేనరికంలో పుట్టిన బిడ్డకు: 0.0625
- మేనమామ, మేనకోడలు సంబంధంలో: 0.125
- తోడబుట్టిన పక్షులను జతకడితే పుట్టే పిల్లకు: 0.25
- అలా మూడు తరాలు వరుసగా చేస్తే: 0.5

ఒక్క జత పక్షుల్ని కొని, వాటి పిల్లల్ని వాటికే జతకడుతూ పోతే మూడో తరానికే సగం దాకా వెళ్లిపోతాం. దాని ఫలితం గుడ్లు పొదగకపోవడం, బలహీనమైన పిల్లలు, తగ్గే సంతానం. చాలామంది దీన్ని చూసి 'ఈ జాతి పంజరంలో నిలవదు' అనేస్తారు. నిలవనిది జాతా, జతకట్టిన తీరా?

ఇంకో లెక్క. ప్రభావక జనాభా 10 ఉన్న గుంపులో తరానికి 5 శాతం చొప్పున జన్యు వైవిధ్యం తరుగుతుంది. 20 తరాలకు మిగిలేది దాదాపు 36 శాతం. అదే 50 ఉంటే తరానికి 1 శాతమే తరుగుతుంది. 20 తరాల తర్వాత కూడా దాదాపు 82 శాతం నిలుస్తుంది. ఫించ్‌లు ఏడాదిలోపే పెద్దవై గుడ్లు పెట్టగలవు కాబట్టి 20 తరాలంటే ఎంతో కాలం కాదు. జంతు ప్రదర్శనశాలలు సాధారణంగా పెట్టుకునే లక్ష్యం 100 ఏళ్లకు 90 శాతం వైవిధ్యాన్ని నిలబెట్టడం.

ఒక్కో పెంపకందారు దగ్గర ఐదారు జతలే ఉన్నా, పదిమంది కలిసి పక్షులను మార్చుకుంటే పెద్ద గుంపుతో సమానం. అలా మార్చుకోవాలంటే ఏ పక్షికి ఏ పక్షి ఏమవుతుందో తెలియాలి. అందుకే పిల్ల గూట్లో ఉండగానే కాలికి ఏడాది, నంబరు చెక్కిన మూత ఉంగరం తొడుగుతారు. కాలు పెరిగాక అది ఊడిరాదు. ఆ నంబరును పద్దులో రాస్తేనే దానికి విలువ. రాయకపోతే అది ఉత్త లోహపు ముక్క. అమెరికాలో 'నేషనల్ ఫించ్ అండ్ సాఫ్ట్‌బిల్ సొసైటీ' పెంపకందారులను కలిపి నడిపిన 'ఫించ్‌సేవ్' లాంటి ప్రయత్నాల సారాంశం ఇదే.

పద్దు తప్పితే ఏమవుతుంది?

ఎర్ర సిస్కిన్ కథ దీనికి జవాబు. ఇది దక్షిణ అమెరికాలోని వెనిజులా ప్రాంతపు ఫించ్. ఎస్ట్రిల్డిడ్‌ల కుటుంబం కాదు, కెనరీకి దగ్గరి చుట్టం. 1920ల్లో జర్మనీలో హాన్స్ డంకర్ దీన్ని పసుపు కెనరీతో సంకరం చేసి, ఎర్ర కెనరీని తయారుచేసే ప్రయత్నం మొదలుపెట్టారు. ఎర్ర రంగు కోసం గిరాకీ పెరిగింది. దశాబ్దాల పాటు వలలు వేసి పట్టేశారు. ఇప్పుడిది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. సైటిస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన అపెండిక్స్-1లో ఉంది.

2000లో గయానా దక్షిణాన ఉన్న గడ్డి మైదానాల్లో ఎవరూ ఊహించని గుంపు ఒకటి కనిపించింది. స్మిత్‌సోనియన్ సహా పలు సంస్థలు కలిసి 'రెడ్ సిస్కిన్ ఇనిషియేటివ్' పేరుతో ఈ జాతిని కాపాడే పని చేస్తున్నాయి. పంజరాల్లో ఉన్న సిస్కిన్‌ల పిల్లల్ని అడవికి పంపవచ్చు కదా అంటే, అక్కడే పద్దు అడ్డొస్తుంది. తరతరాలుగా వేరే సిస్కిన్‌లతో, కెనరీలతో కలిపేశారు. ఏది అసలు, ఏది సంకరం అన్నది కంటికి తెలియదు. ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్షలతో వెనక్కి వెళ్లి తేల్చాలి. ఒకప్పుడు నోటుపుస్తకంలో రెండు నిమిషాల్లో రాసిపెట్టాల్సిన దాన్ని ఇప్పుడు ప్రయోగశాలలో వెతుక్కోవాల్సి వస్తోంది.

జావా స్పారోది ఇంకో రకం పాఠం. ప్రపంచమంతా పంజరాల్లో కనిపించే ఈ పక్షి సొంతగడ్డ ఇండోనేషియాలో ప్రమాదపు అంచున ఉంది. తెల్లవి, వెండి రంగువి, గోధుమ రంగువి అంటూ మార్పుచేసిన రకాలు ఎన్నున్నా అడవి జాతికి అవి ప్రత్యామ్నాయం కావు.

కొనేముందు చట్టం తెలుసుకోండి

'ఇంట్లోనే పక్షులు పెంచండి, నెలకు ఇంత సంపాదించండి' అనే వీడియోలు మీకూ కనిపించే ఉంటాయి. ఉద్యోగం రాని సమయంలో ఇలాంటివి బాగా ఊరిస్తాయి. డబ్బు పెట్టేముందు ఈ నాలుగు విషయాలు చూసుకోండి.

- మన మునియాలను పట్టడం, అమ్మడం, కొని పెంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. హైదరాబాద్ పాతబస్తీలోనైనా, మీ ఊరి సంతలోనైనా రంగులేసి 'విదేశీ పిచ్చుక' అని ఎవరైనా చెప్పినా నమ్మొద్దు.
- పచ్చ మునియా మన దేశంలో తప్ప ఇంకెక్కడా సహజంగా లేదు. మధ్య భారతం నుంచి ఉత్తరాంధ్ర కొండల దాకా దీని నివాసం. అక్రమ వ్యాపారం వల్లే బాగా దెబ్బతిన్న పక్షి ఇది. దీన్ని కాపాడాల్సిన చోటు అడవే.
- 2022 సవరణతో సైటిస్ జాబితాలోని విదేశీ జాతులు మన చట్టంలోని షెడ్యూల్-4లోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం వీటిని పెంచేవాళ్లు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పుట్టుకలు, మరణాలు, చేతులు మారడం కూడా తెలపాలి. జావా స్పారో ఈ జాబితాలోనే ఉంది. అపెండిక్స్-1 జాతులతో పిల్లల్ని తీయించాలంటే లైసెన్సూ కావాలి.
- 2018 నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుల దుకాణాలకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. బిల్లు ఇవ్వని చోట కొనకండి.

ఇక వ్యాపారంగా చూసినా, తేలిగ్గా పెరిగే రకాలను అందరూ పెంచుతారు కాబట్టి ధర నిలవదు. అరుదైనవాటికి కావాల్సిన శ్రమ, కాగితాలు, అనుభవం మొదటి ఏడాదిలో రావు.

మరి మీకు పనెక్కడ?

'ఫించ్ నిపుణులు కావలెను' అనే ప్రకటన మీకు కనిపించదు. కానీ వంశావళి లెక్కలు, జన్యు పరీక్షలు, జాడ పట్టే డేటా.. ఈ నైపుణ్యాలకు మన చుట్టుపక్కలే చోటుంది.

- వన్యప్రాణి జన్యుశాస్త్రం: హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఉంది. పట్టుబడిన జంతు భాగం ఏ జాతిదో డీఎన్‌ఏతో తేల్చడం, అంతరించే జాతుల పునరుత్పత్తి ఇక్కడి పనులు. నెహ్రూ జూలాజికల్ పార్కులో మూషిక జింకల సంతానాన్ని పెంచి నల్లమల వైపు అడవుల్లో వదిలిన కార్యక్రమంలో ఈ సంస్థ పాలుపంచుకుంది. బయోటెక్నాలజీ, బయోఇన్ఫర్మాటిక్స్ చదివినవారు ప్రాజెక్టు నోటిఫికేషన్లు గమనించాలి.
- స్టడ్‌బుక్, జూ డేటా: మన జూలలోని అరుదైన జంతువుల వంశావళి పుస్తకాల పనిని కేంద్ర జూ అథారిటీ కోసం డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ చేపట్టింది. అంతర్జాతీయంగా జూలు వాడే జిమ్స్, పీఎంఎక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌ల గురించి తెలుసుకుని ఉంటే ఇంటర్వ్యూలో మీ మాటకు బరువొస్తుంది.
- పశువులు, కోళ్లు: ఇవే సూత్రాలతో ఇంకా పెద్ద రంగం నడుస్తోంది. రాజేంద్రనగర్‌లోని ఐసీఏఆర్ కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. శుద్ధమైన కోళ్ల వంశాలను పద్దులతో కాపాడటం అక్కడి నిత్య వ్యవహారం. ఊళ్లో గేదె చెవికి ఉండే పసుపు ట్యాగ్ మీది 12 అంకెలూ ఫించ్ కాలి ఉంగరం చేసే పనే చేస్తాయి.
- పశువైద్యం: తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. కోళ్లకే పరిమితం కాకుండా చిన్న పక్షుల వైద్యం మీద ఆసక్తి పెంచుకోవచ్చు.
- అటవీ, అమలు విభాగాలు: యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవారూ రాయవచ్చు. ఫించ్‌కూ మునియాకూ తేడా తెలిసిన అధికారి తనిఖీలో మోసాన్ని ఇట్టే పట్టుకోగలరు.
- పీజీ చదువు: భారత వన్యప్రాణి సంస్థలో వైల్డ్‌లైఫ్ సైన్స్, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ అండ్ కన్జర్వేషన్ ఎమ్మెస్సీలకు మంచి పేరుంది. సీట్లు తక్కువ, ఏటా ప్రవేశాలు ఉండకపోవచ్చు. అర్హతలు, తేదీలు ముందే చూసి పెట్టుకోండి.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే వన్యప్రాణి రంగంలో మొదటి ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు ఆధారితమే. జీతం ఐటీతో పోల్చేలా ఉండదు. అందుకే డేటా నైపుణ్యాన్ని గట్టిగా పట్టుకోండి. అది డెయిరీ, పౌల్ట్రీ, విత్తన సంస్థల్లోనూ అక్కరకొస్తుంది.

వారం రోజుల ప్రాజెక్టు

రెజ్యూమెలో అందరూ రాసే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ బదులు ఇది ప్రయత్నించండి. పక్షి కొనక్కర్లేదు, ఊహాజనిత డేటా చాలు.

1. ఒక పట్టిక తయారుచేయండి. ఉంగరం నంబరు, తండ్రి నంబరు, తల్లి నంబరు, పుట్టిన తేదీ, ఎవరి దగ్గరుంది, చనిపోయిన తేదీ. అంతే.
2. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు బాణాలు గీస్తే అది వలయాలు లేని గ్రాఫ్. డేటా స్ట్రక్చర్స్‌లో చదివిందే. ఎక్కడైనా వలయం వచ్చిందంటే డేటా తప్పు.
3. ఏ రెండు పక్షుల మధ్య ఎంత చుట్టరికమో రికర్షన్‌తో లెక్కించండి. తల్లిదండ్రుల మధ్య వచ్చే అంకే పిల్ల అంతఃప్రజనన గుణకం. తోడబుట్టినవాటి పిల్లకు 0.25, తండ్రి ఒకరే అయి తల్లులు వేరైన వాటి పిల్లకు 0.125 రావాలి. రాకపోతే మీ కోడ్‌లో తేడా ఉన్నట్టే.
4. తండ్రి తెలియని పక్షి, పిల్ల కంటే చిన్న వయసున్న తల్లి, రెండుసార్లు వాడిన ఉంగరం నంబరు.. ఇలాంటివాటిని పట్టుకునే తనిఖీలు రాయండి. నిజ జీవితంలో డేటా ఇలాగే ఉంటుంది.
5. చివరగా, గుంపు మొత్తంతో చుట్టరికం తక్కువున్న పక్షులను ముందు జతకట్టమని సూచించే జాబితా ఇవ్వండి. జూలు పాటించే పద్ధతి ఇదే.

దీన్ని గిట్‌హబ్‌లో పెట్టి, ఎందుకు చేశారో తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో ఒక పేజీ రాయండి. 'ఏం సమస్య పరిష్కరించారు?' అని ఇంటర్వ్యూలో అడిగితే, పది పక్షులు 3.6 ఎలా అవుతాయో చెప్పడంతో మొదలుపెట్టండి. ఆ తర్వాత ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

పక్షులను చూడాలనిపిస్తే పంజరం అక్కర్లేదు. ఈ ఆదివారం ఉదయం ఊరి చివర జొన్న చేను పక్కన నిలబడండి. గింజలు వలుచుకునే మునియాలను లెక్కపెట్టి, తేదీ, చోటు, సంఖ్య ఈబర్డ్ యాప్‌లో నమోదు చేయండి. పద్దు రాయడం అక్కడి నుంచే అలవాటు చేసుకోవచ్చు.